మిర్చి యార్డు కూలీల మీద డాక్యుమెంటరీ: లైట్ల చారలు, శబ్దం, సంతకాలు, సెన్సారు... తెలిసినవాళ్లు చెప్పగలరా?

తొడిమ (ప్రశ్న)

నమస్కారం అండీ. ఊరు గుంటూరు. కోల్డ్ స్టోరేజీల దగ్గర తొడిమలు తీసే ఆడవాళ్లు, యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే ముఠా వాళ్లు (హమాలీలు), కర్నూలు వైపు నుంచి పిల్లాజెల్లాతో కోతలకు దిగే కుటుంబాలు. ఈ మూడు చోట్లా కూలి ఎలా లెక్కగడుతున్నారు, ఎక్కడ తెగ్గోస్తున్నారు అన్నదాని మీద 45 నిమిషాల డాక్యుమెంటరీ తీయాలని ఉంది. వెనక సంస్థ ఏదీ లేదు. మనుషులం ఇద్దరమే. మిర్రర్‌లెస్ కెమెరా ఒకటి, 24-70 లెన్సు, వైర్‌లెస్ కాలర్ మైకులు రెండు, రెండో కెమెరాగా ఫోను. జనవరి నెలాఖరు నుంచి ఏప్రిల్ దాకా షూటింగ్.

ఒకరోజు ట్రయల్ తీస్తే తేలినవి ఇవి. షెడ్డులో ట్యూబులైట్ల కింద ఫోను వీడియోలో నల్ల చారలు పాకుతున్నాయి. కాయల రాశి తెర మీద ఎర్ర రంగు పూసిన ముద్దలా ఉంది, కాయకీ కాయకీ తేడా తెలియడం లేదు. కాలర్ మైకులో మాట కంటే చీర గరగర, గాజుల చప్పుడే ఎక్కువ.

మనుషుల సంగతికొస్తే, మాట్లాడతామంటున్నారు గానీ మేస్త్రీకి (కూలీలను పనికి పిలిచే మనిషికి) తెలిస్తే రేపు పనికి పిలవడని భయం. నెట్‌లో దొరికిన ఇంగ్లిష్ రిలీజ్ ఫారం (సినిమాలో చూపించడానికి ఒప్పుకుంటున్నట్టు సంతకం తీసుకునే కాగితం) ఒకటి ఉంది, అది సరిపోతుందా? కూలి అడిగినందుకు కులం పేరుతో తిట్టి కొట్టారని ఎస్సీ, ఎస్టీ చట్టం కింద ఒక కేసు కోర్టులో నడుస్తోంది. ఆమె కెమెరా ముందు మాట్లాడతానంటోంది, తీయొచ్చా? సెన్సారు కావాలా? బయటి దేశాల గ్రాంట్లు తీసుకోవచ్చా?

---

బెజవాడ బూమ్

కెమెరా, శబ్దం వరకు చెబుతాను. మిగతావి తెలిసినవాళ్లు ఇక్కడే ఉన్నారు.

చారలకు కారణం కరెంటు. మన దగ్గర 50 హెర్ట్జ్, అంటే ట్యూబులైటు సెకనుకు 100 సార్లు మిణుకుతుంది. ఫోను మామూలుగా 30 ఫ్రేములు, 1/60 షట్టర్‌లో ఉంటుంది. ఆ లెక్క దీనికి కుదరక చారలు పడతాయి. రెండింట్లోనూ 25 ఫ్రేములు, 1/50 పెట్టి లాక్ చేయండి. కెమెరా మెనూలో వీడియో పద్ధతి ఎన్‌టీఎస్‌సీ అని ఉంటే పాల్‌కు మార్చితేగానీ 25 కనిపించదు. అయినా చార పోలేదంటే అక్కడ నాసిరకం ఎల్‌ఈడీ ఉన్నట్టు. దాని మిణుకు కరెంటు లెక్కలో ఉండదు, ఆ ఒక్క లైటు ఆర్పించడమే మార్గం.

ఎరుపు ముద్ద కావడం ఈ పనిలో అందరికీ తగిలే దెబ్బ. మొత్తం వెలుతురు సరిపోయినట్టే హిస్టోగ్రాం (వెలుతురు ఎంత పడిందో చూపే గ్రాఫు) చూపిస్తుంది గానీ ఎర్ర ఛానెల్ ఒక్కటి అప్పటికే పైకప్పుకు తగిలి ఉంటుంది. అక్కడ వివరం పోయిందంటే ఎడిటింగులో తిరిగి రాదు. మూడు రంగులూ విడివిడిగా చూపించే హిస్టోగ్రాం ఆన్ చేసి, ఎరుపు అంచు తగలకుండా అర స్టాపు నుంచి ముప్పాతిక స్టాపు దాకా తగ్గించి తీయండి (ఒక స్టాపు తగ్గితే వెలుతురు సగమవుతుంది). కెమెరాలో 10 బిట్, 4:2:2 (రంగు వివరం ఎక్కువ దాచే రికార్డింగ్ పద్ధతి) ఉంటే అదే వాడండి. 8 బిట్, 4:2:0లో రంగు వివరం పావు వంతే మిగులుతుంది, ఎర్ర కాయ అంచుల్లో గళ్లు గళ్లుగా కనిపించేది అందుకే.

కల్లంలో మిట్టమధ్యాహ్నం ఐఎస్‌ఓ 100, ఎఫ్4, 1/50 పెడితే 5 స్టాపులు ఎక్కువ వెలుతురు పడుతుంది, ఎన్‌డీ32 (లెన్సు ముందు పెట్టి వెలుతురు తగ్గించే ఫిల్టరు) కావాలి. లాగ్‌లో (వెలుగు, చీకటి వివరాలు ఎక్కువ దాచి, ఎడిటింగులో సవరించుకునే ప్రొఫైల్‌లో) తీస్తూ బేస్ ఐఎస్‌ఓ 800 ఉంటే ఇంకో 3 స్టాపులు, ఎన్‌డీ256. ఇది లేకపోతే షట్టర్ పెంచాల్సి వస్తుంది, కూలీల చేతులు తెగితెగి కదులుతున్నట్టు కనిపిస్తాయి.

ఇక ఘాటు. యార్డులో లెన్సు మార్చొద్దు, మార్చాల్సి వస్తే కనీసం గాలి తగలని చోట సంచిలో పెట్టి మార్చండి. లోపల ఫ్యాను ఉన్న కెమెరా అయితే ఆ పొడిని పీల్చుకుంటుంది. ఫ్యాను లేనిది నయం. లెన్సు మీద నోటితో ఊదొద్దు, రబ్బరు బ్లోయర్‌తో దులపండి. అందరూ మర్చిపోయేది వ్యూఫైండర్ రబ్బరు. వేళ్లకున్న కారం దానికి అంటుతుంది, కన్ను ఆనించగానే ఆ రోజు షూటింగ్ అయిపోతుంది. కాబట్టి స్క్రీన్ చూసే తీయండి. కాంటాక్ట్ లెన్సులు పెట్టుకునేవాళ్లు కళ్లజోడుకు మారండి. కారం నీళ్లకు వదలదు, ముందు కాస్త నూనె రుద్ది ఆ తర్వాత సబ్బుతో కడగాలి.

కోల్డ్ స్టోరేజీ గదిలో 4 నుంచి 8 డిగ్రీలు, బయట ఏప్రిల్‌లో 40. లోపలి నుంచి కెమెరా తేగానే లెన్సు బయటా, ఒక్కోసారి లోపలా చెమట పడుతుంది. గదిలో ఉండగానే కెమెరాను జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో వేసి గాలి తీసేసి మూయండి, బయటికి వచ్చాక అరగంట తెరవొద్దు. చెమట సంచి మీద పడి పోతుంది. ఫోన్లకు 35 డిగ్రీలు దాటితే కష్టం, ఎండలో పావుగంటకే రికార్డింగ్ ఆగిపోవచ్చు. తడిగుడ్డ చుట్టొద్దు, నీడలో పెట్టండి చాలు.

శబ్దం మీద ఖర్చు పెట్టమంటాను. కెమెరా పాతదైనా ఫర్వాలేదు. తొడిమలు తీసేవాళ్లు గుంపుగా కూర్చుంటారు, ఒకరి మాటలో ఒకరి మాట కలుస్తుంది. అలాంటి చోట కాలర్ మైకు కన్నా బూమ్ (పొడవాటి కర్ర చివర బిగించిన మైకు) మేలు, తలకు అడుగున్నర ఎత్తులో, నోటి వైపు వంచి పట్టుకోవాలి. ఒకరితోనే మాట్లాడేటప్పుడు కాలర్ మైకును కొంగుకు పెట్టొద్దు, కొంగు కదులుతూనే ఉంటుంది. జాకెట్ అంచుకు పెట్టి, తీగను చిన్న చుట్టగా వదిలి టేపు వేయండి. నల్లపూసలు మైకుకు తగలకుండా చూసుకోవాలి. ఈ పని ఆడమనిషే చేయాలి. మీ ఇద్దరిలో ఒకరు ఆడవాళ్లు కాకపోతే ఆ మైకు ఆమె చేతికిచ్చి పెట్టుకోమనండి.

గాజులు తీయమని మాత్రం అడగొద్దు. చేతులు పనిలో ఉంటే గాజులు మోగుతాయి, అది ఆ పని చప్పుడే. మాటను మింగేస్తోందనుకుంటే అదే ప్రశ్న పని ఆగిన తర్వాత మళ్లీ అడగండి. తొడిమ తుంచినప్పుడు వచ్చే చిన్న టిక్కుమన్న చప్పుడు మాత్రం దగ్గరగా మైకు పెట్టి, మాటల్లేకుండా ఐదు నిమిషాలు విడిగా రికార్డు చేసుకోండి. ఎడిటింగులో దాని విలువ తెలుస్తుంది.

కోల్డ్ స్టోరేజీ కంప్రెసర్ హోరు 50, 100, 150 హెర్ట్జ్‌లలో పరుచుకుని ఉంటుంది. సాఫ్ట్‌వేర్‌తో తీస్తే మగవాళ్ల గొంతు కూడా పలచబడుతుంది. ఇంటర్వ్యూకి గోడ అవతలికి వెళ్లడమే సరైన పని. ఇళ్లలో అయితే సీలింగ్ ఫ్యాను ఆపి, అడిగే ముందు ఎవరి చేతనైనా విసనకర్రతో విసిరించండి. ప్రతి చోటా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం గది శబ్దం తీసుకోండి. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, గట్టి మాటకు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు పెట్టుకోవాలి. 32 బిట్ ఫ్లోట్ రికార్డరు అద్దెకు దొరికితే ముఠా వాళ్ల అరుపులకు లెవెల్ పగిలిపోయే భయం ఉండదు.

సెకనుకు 100 మెగాబిట్లలో గంట ఫుటేజీ 45 జీబీ. 30 గంటలు తీస్తే 1350 జీబీ. 2 టీబీ డిస్కులు మూడు కొనండి: ఒకటి పనికి, ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్లో. కాపీ అయిందని కార్డు చెరిపేముందు చెక్‌సమ్ (కాపీ అసలుతో సరిపోయిందో లేదో తేల్చే లెక్క) చూసే సాఫ్ట్‌వేర్‌తోనే కాపీ చేయండి.



---

నల్లకోటు

ఆ ఇంగ్లిష్ ఫారం పక్కన పడేయండి. "ప్రపంచమంతటా, శాశ్వతంగా, అన్ని మాధ్యమాల్లో" అని రాసి ఉంటుంది. అది టీవీ కంపెనీ లాయరు తన కంపెనీ కోసం రాసుకున్నది. మీ సినిమా అయిపోయినా ఆమె మళ్లీ అదే మేస్త్రీ దగ్గరికి పనికి వెళ్లాలి. కాగితం ఆ లెక్కలో ఉండాలి.

తెలుగులో ఒక పేజీ చాలు. అందులో నాలుగు విషయాలు విడివిడిగా అడగండి: ముఖం చూపించొచ్చా, గొంతు వినిపించొచ్చా, పేరు చెప్పొచ్చా, ఊరు చెప్పొచ్చా. ఒకటి ఒప్పుకుని ఇంకోటి వద్దనే వీలు ఉండాలి. ఎక్కడ చూపిస్తారన్నది కూడా విడగొట్టండి. విదేశాల్లో ఫెస్టివల్ అంటే చాలామంది సరే అంటారు, వాట్సాప్‌లో తిరిగితే ఎలా అని అడిగితే ఆలోచిస్తారు. అసలు భయం అక్కడే ఉంది. వద్దనుకుంటే ఎప్పటిదాకా వెనక్కి తీసుకోవచ్చో తేదీ రాయండి, ఫైనల్ ఎడిట్ లాక్ అయ్యే రోజు అయితే ఇద్దరికీ న్యాయం. కాగితం చదివి వినిపించి, అదంతా కెమెరాలో రికార్డు చేసి, ఒక కాపీ ఆమె చేతికివ్వండి. చేతిపని చేసేవాళ్ల వేలి గీతలు అరిగిపోయి ముద్ర సరిగా పడదు, కాబట్టి వీడియోలో చెప్పిన మాటే అసలు ఆధారం. రెండోసారి, షూటింగ్ చివర్లో మళ్లీ అడగండి. జనవరిలో సరే అన్నవాళ్లకు ఏప్రిల్ నాటికి పరిస్థితి మారిపోయి ఉండొచ్చు.

కేసు విషయం. ఆమెను ఇప్పుడు సంఘటన గురించి కెమెరా ముందు అడగొద్దు. కారణం ఇది. సాక్షి కోర్టు బయట చెప్పిన మాటకీ బోనులో చెప్పిన మాటకీ తేడా ఉంటే, ఎదుటి లాయరు ఆ పాత మాటను చూపించి ప్రశ్నించవచ్చు. పాత సాక్ష్యాల చట్టంలో 145 సెక్షన్, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్‌లో 148. టేపు మీద ఉన్న మాటకూ ఇది వర్తిస్తుందని వి.వి.గిరి రాష్ట్రపతి ఎన్నిక కేసులో, 1970లోనే, సుప్రీంకోర్టు చెప్పింది. కొట్టింది సాయంత్రం ఐదింటికా ఆరింటికా అన్నంత చిన్న తేడా చాలు, కేసు బలహీనపడడానికి. మీ దగ్గర ఫుటేజీ ఉందని తెలిస్తే నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 94 సెక్షన్ కింద దాన్ని తెమ్మని కోర్టు గానీ పోలీసులు గానీ అడగొచ్చు. సమాచారం ఇచ్చినవాళ్ల పేరు చెప్పకుండా ఉండే హక్కు సినిమా తీసేవాళ్లకు మన చట్టాల్లో విడిగా రాసి లేదు.

ఆమె సాక్ష్యం, క్రాస్ (ఎదుటి లాయరు ప్రశ్నలు) పూర్తయ్యాక మాట్లాడించండి. ఈలోగా ఆమె పని, ఇల్లు, వాయిదాకి వెళ్లే దారి, బస్సు, ఒక్కో వాయిదాకి పోయే కూలి, ఇవన్నీ తీయొచ్చు. నిజానికి సినిమాకు కావాల్సింది కూడా ఇదే. కోర్టు ఆవరణలో మాత్రం కెమెరా బయటికి తీయొద్దు. ఎస్సీ, ఎస్టీ చట్టంలో 15ఏ సెక్షన్ బాధితులకు, సాక్షులకు రక్షణ ఇస్తుంది. ఆ కేసు విచారణలన్నీ వీడియో రికార్డు చేయాలని అందులోనే పదో ఉపసెక్షన్‌లో ఉంది. ఆమె లాయరుకు ఇది తెలుసో లేదో అడిగి చూడండి. నిందితుల గురించి "కొట్టారు" అని వ్యాఖ్యానంలో అనొద్దు, "కొట్టారని ఎఫ్‌ఐఆర్‌లో ఉంది" అనండి. మేస్త్రీకి, కోల్డ్ స్టోరేజీ యజమానికి మీ ప్రశ్నలు రాసి స్పీడ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. జవాబు రాకపోతే రాలేదని సినిమాలో చెప్పండి.

కోతల్లో పిల్లలు కనిపిస్తారు. పని చేస్తున్న పిల్ల ముఖం చూపిస్తే బాలల న్యాయ చట్టం 74 సెక్షన్ కిందికి రావొచ్చు, ఆరు నెలల జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. బడి పేరు, ఊరి పేరు చెప్పినా గుర్తు పట్టించినట్టే. చేతులు తీయండి, వెనక నుంచి తీయండి, సంచి ఎత్తును పక్కన నిలబడ్డ పెద్దవాళ్లతో పోల్చి చూపించండి. మాట వేరొకరి చేత చెప్పించండి.

యార్డు లోపల తీయడానికి మార్కెట్ కమిటీ కార్యదర్శికి అర్జీ పెట్టుకోండి. శని, ఆదివారాలు అమ్మకాలు ఉండవు, మే, జూన్ మధ్యలో వేసవి సెలవులు ఉంటాయి, తేదీలు దాన్నిబట్టి చూసుకోండి. కోల్డ్ స్టోరేజీ ప్రైవేటు స్థలం, గేటు లోపలికి యజమాని మాట లేకుండా వెళ్తే అతిక్రమణ కేసు పెట్టడానికి మీరే సాకు ఇచ్చినట్టు.

చివరగా సమాచార హక్కు అర్జీ షూటింగ్ మొదలయ్యే ముందే వేయండి. కార్మిక శాఖను అమల్లో ఉన్న కనీస వేతన జీవో, గత మూడేళ్లలో ఎన్ని తనిఖీలు చేశారు, ఎన్ని నోటీసులిచ్చారు అని అడగండి. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో రుసుము లేదు, మండలంలో 5, పైస్థాయిలో 10 రూపాయలు. 30 రోజుల్లో జవాబు రావాలి, రాకపోతే ఆపై 30 రోజుల్లోపు మొదటి అప్పీలు. "ఎందుకు తనిఖీ చేయలేదు" అని అడిగితే తిప్పి పంపుతారు. కాగితం మీద ఉన్నదే అడగాలి.

---

తొడిమ

చాలా థ్యాంక్స్ అండీ ఇద్దరికీ. ఇంకో చిన్న ప్రశ్న. తొడిమల పని కిలోల లెక్క. మాతో గంట మాట్లాడితే ఆమెకు గంట కూలి పోతుంది. డబ్బులు ఇస్తే తప్పా? ఇవ్వకపోతే అదీ తప్పుగానే అనిపిస్తోంది.

---

కోత బల్ల

పోయిన కూలి ఇవ్వండి. మాట్లాడినందుకు కాదు, పోయిన పనికి. ఆ రోజు ఆమె పక్కన కూర్చున్న మనిషి గంటకు ఎన్ని కిలోలు తీసిందో చూసి, అంతే కట్టి, పుస్తకంలో రాసి సంతకం తీసుకోండి. దాచాల్సిన పని లేదు, కావాలంటే సినిమాలోనే చూపించండి. అంతకంటే ఎక్కువ ఇస్తే రెండో రోజు నుంచి మీకు నచ్చే జవాబులు రావడం మొదలవుతుంది. ఇంకో పద్ధతి, పని ఆపకుండానే మాట్లాడించడం. చేతులు కదులుతుంటే మాట కూడా తేలిగ్గా వస్తుంది.

నేను ఎడిటింగ్ వైపు నుంచి రెండు మూడు చెప్పాలి. ముఖం దాచడం మీద అందరికీ ఒక అపోహ ఉంది, బ్లర్ వేస్తే సరిపోతుందని. ఊళ్లోవాళ్లు మనిషిని ముఖం చూసి మాత్రమే గుర్తుపట్టరు. చీర, పచ్చబొట్టు, నడక, మాట యాస, గుమ్మం పక్కన ముగ్గు, వెనక గోడ మీద ఎరువుల కొట్టు క్యాలెండరు, అందులో ఊరి పేరు! ముఖం బ్లర్ చేసి క్యాలెండర్ వదిలేస్తే ఏం లాభం? దాచాల్సిన మనిషిని మొదటి నుంచీ దాచే తీయాలి. చేతులు, కాయలు, గోడ మీద నీడ.

నీడలా తీద్దామని కిటికీ ముందు కూర్చోబెట్టి లాగ్‌లో తీస్తారు. తెర మీద నల్లగానే ఉంటుంది, కానీ ఆ ఫైలు ఎవరి చేతికైనా వెళ్తే ఎక్స్‌పోజరు పెంచి ముఖం బయటికి తీసేస్తారు. లాగ్ వద్దు, మామూలు ప్రొఫైల్‌లో, ముఖం మీద ఒక్క వెలుగు చుక్క కూడా పడకుండా తీయండి. గొంతు కూడా అంతే. పిచ్ మార్చితే దాన్ని వెనక్కి తిప్పొచ్చు. ఆ మాటల్నే అదే ప్రాంతపు ఇంకో మనిషి చేత పలికించి, పలికింది వేరే గొంతని తెర మీద రాయండి. ఫోనులో లొకేషన్ ఆపేయండి, లేకపోతే వీడియో ఫైల్లోనే ఇంటి అక్షాంశాలు ఉండిపోతాయి. ఫైలు పేర్లలో మనుషుల పేర్లు వద్దు, అంకెలు వాడి, ఆ అంకెల పట్టీ కాగితం మీద విడిగా దాచుకోండి.

మీరు "కూలి ఎక్కడ తెగుతోంది" అన్నారు కదా, ఆ ప్రశ్నకు జవాబు ఇంటర్వ్యూలో కంటే కాటా దగ్గర ఉంటుంది. సాయంత్రం కాటా పెట్టే సన్నివేశాన్ని కనీసం ఆరేడు రోజులు తీయండి, ఒక్క రోజుతో ఏమీ తేలదు. గోతం కాటా ఎక్కేది, కాటా చూపే అంకె, మేస్త్రీ పలికే అంకె, పుస్తకంలో రాసే అంకె. ఈ నాలుగూ కట్ లేకుండా ఒకే షాట్‌లో రావాలి. కట్ చేస్తే "కలిపి అతికించారు" అంటారు. గోతం బరువు కింద ఎంత తీసేశారు, తొడిమల బరువు ఎవరి లెక్కలో పోయింది అన్నది అక్కడే కనిపిస్తుంది. ఎలక్ట్రానిక్ కాటా అంకెలు వీడియోలో సగం సగం వెలిగి కనిపిస్తాయి, 8 ఉంటే 3లా. ఆ అంకెల గీతలన్నీ ఒకేసారి వెలగవు, వంతులవారీగా వెలుగుతాయి. షట్టర్ 1/25కి దించితే అంకె నిండుగా వస్తుంది. పుస్తకం పేజీల్లో మిగతావాళ్ల పేర్లు కనిపిస్తాయి, అవి తర్వాత కప్పేయాలి.

మాటలన్నీ టైంకోడ్‌తో (ఫుటేజీలో ఏ నిమిషం, ఏ సెకను దగ్గర వచ్చాయో) తెలుగులోనే రాసుకోండి. ఆదోని వైపు వాళ్ల మాటలో కన్నడం కలిసి ఉంటుంది, ఆ ప్రాంతం మనిషి ఒకరు పక్కన లేకపోతే సగం అర్థం జారిపోతుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్ రెండు లైన్లు, లైనుకు 42 అక్షరాలు దాటొద్దు. మేస్త్రీ, టిక్కీ, ముఠా అన్న మాటల్ని అనువదించకుండా అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు కాస్త వివరం కలపండి. ప్రీమియర్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు టైటిళ్లకు ఒత్తులు విడిపోతుంటే ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద టెక్స్ట్ ఇంజిన్‌ను సౌత్ ఏషియన్‌కు మార్చి, యూనికోడ్ ఫాంటే వాడండి. మండలి, నోటో సాన్స్ రెండూ ఉచితమే. పాత డీటీపీ ఫాంట్లతో టైప్ చేసింది ఇక్కడ పనికిరాదు.

రఫ్ కట్‌ను అందులో కనిపించినవాళ్లకు ముందు చూపించండి. 2022లో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లిన మన డాక్యుమెంటరీ 'రైటింగ్ విత్ ఫైర్' మీద, అందులో కనిపించిన ఖబర్ లహరియా పత్రికే తమను చూపించిన తీరు సరిగా లేదని బహిరంగంగా ప్రకటన ఇచ్చింది. ఎవరిది తప్పన్నది పక్కన పెట్టండి, ఆ మాట బయట వినడం కంటే ఎడిటింగ్ బల్ల దగ్గర వినడం తేలిక.

---

తెర గుడ్డ

నిడివి 45 నిమిషాలు అన్నారు, అది ఎటూ కాని నిడివి. ఆస్కార్ లెక్కలో 40 దాటితే షార్ట్ కాదు, టీవీ గంటకు 52 కావాలి. 38 చేయండి, లేదా 52 చేయండి. నన్నడిగితే 38.

సెన్సారు. యూట్యూబ్‌లో పెట్టడానికి సర్టిఫికెట్ అక్కర్లేదు. హాల్లో జనానికి చూపించాలన్నా, జాతీయ అవార్డుకు పంపాలన్నా కావాలి. తెలుగు సినిమాలకు ప్రాంతీయ కార్యాలయం హైదరాబాదులో, దరఖాస్తు ఆన్‌లైన్‌లో. 2024 నిబంధనల తర్వాత యూఏ (పెద్దల తోడుతో పిల్లలు చూడొచ్చన్న సర్టిఫికెట్)లో 7, 13, 16 ఏళ్లని మూడు రకాలు వచ్చాయి. కట్లు చెబితే ఒకప్పుడు అప్పిలేట్ ట్రిబ్యునల్ ఉండేది, 2021లో రద్దు చేశారు, ఇప్పుడు నేరుగా హైకోర్టే. ముఠా వాళ్లు బీడీ కాల్చే షాట్ ఉంటే పొగాకు హెచ్చరిక కింద పడాలి, మొదట్లో, మధ్యలో ఆ 30 సెకన్ల ప్రకటనలూ వేయాలి. 38 నిమిషాల సినిమాలో అది బాగా ఎబ్బెట్టు, ఆ షాట్ నిజంగా కావాలో లేదో ముందే తేల్చుకోండి.

ఫెస్టివల్స్‌కు కేంద్ర సమాచార శాఖ మినహాయింపు ఇస్తుంది, నిర్వాహకులే దరఖాస్తు చేసుకుంటారు. దీని వెనక చరిత్ర ఉంది. ముంబై ఫెస్టివల్ మన దేశపు చిత్రాలకు మాత్రమే సెన్సారు సర్టిఫికెట్ తెమ్మంటే డాక్యుమెంటరీ వాళ్లు ఒక్కటై, 2004లో వికల్ప్ పేరుతో పోటీ ఫెస్టివల్ పెట్టారు.

పంపాల్సిన ఫెస్టివల్స్: తిరువనంతపురంలో ఐడీఎస్‌ఎఫ్‌ఎఫ్‌కే, కాఠ్మాండులో ఫిల్మ్ సౌతేషియా, కొరియాలో డీఎంజెడ్ డాక్స్, జపాన్‌లో యమగాటా. యమగాటా 1989 నుంచి రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో జరుగుతుంది. ఆసియా కొత్త దర్శకుల విభాగంలో ఇచ్చే బహుమతి ఒగావా షిన్‌సుకే పేరు మీద ఉంది. ఆయన బృందం నరిటా విమానాశ్రయం భూసేకరణను ఎదిరించిన రైతుల దగ్గరే ఏళ్ల తరబడి ఉండి సినిమాలు తీసింది. భూములు, సేకరణ అంటే మన జిల్లావాళ్లకు వేరే చెప్పక్కర్లేదు కాబట్టి ఒకసారి వెతికి చూడండి. ఏ ఫెస్టివల్‌కు పంపాలనుకున్నా ఫలితం వచ్చేదాకా యూట్యూబ్‌లో పెట్టొద్దు, ప్రీమియర్ నిబంధన (ముందు ఇంకెక్కడా చూపించి ఉండకూడదన్నది) దెబ్బతింటుంది.

డబ్బు. బుసాన్ ఫెస్టివల్‌కు ఆసియా డాక్యుమెంటరీల నిధి ఉంది, ఆమ్‌స్టర్‌డామ్ ఇడ్ఫా ఫెస్టివల్‌కు బెర్తా ఫండ్ ఉంది, కోల్‌కతాలో డాక్ఎడ్జ్ పిచింగ్ (డబ్బు పెట్టేవాళ్ల ముందు సినిమా ఆలోచన చెప్పుకునే వేదిక) జరుగుతుంది. ఇలాంటి చోట్ల మామూలుగా ట్రైలర్ అడుగుతారు, అందుకని మొదటి సీజన్లో కాటా సన్నివేశం ఒక్కటైనా బాగా తీసి పెట్టుకోండి. విదేశీ గ్రాంటు మాత్రం మీ సేవింగ్స్ ఖాతాలోకి నేరుగా రానివ్వొద్దు. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) కిందికి వస్తే 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ఖాతాలోకే రావాలి. వార్తలు, వర్తమాన వ్యవహారాల కార్యక్రమాలు తీసే సంస్థలైతే అసలు తీసుకోకూడదు. పని అప్పగించి ఇచ్చే ఫీజు అయితే లెక్క వేరు. ఒప్పందంలో ఏ మాట వాడారన్నది ఆడిటర్‌కు చూపించాకే సంతకం పెట్టండి.

వాడలో ప్రదర్శనకు ఖరీదైన సరంజామా వద్దు. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్, ఎనిమిదడుగుల తెల్ల గుడ్డ, బిగించడానికి రెండు వెదురు కర్రలు. గుడ్డ ఒక పొర అయితే వెలుతురు అవతలికి పోతుంది, రెండు పొరలు కుట్టించండి. ఏప్రిల్‌లో ఏడింటి దాకా పూర్తిగా చీకటి పడదు, ఏడున్నరకు మొదలుపెట్టండి. స్పీకర్లు తెర వెనక కాదు, పక్కన.

---

నల్లకోటు

కోత బల్ల గారు చెప్పిన కూలి లెక్కకు ఒక సవరణ. కేసులో ఉన్న ఆమెకు మాత్రం పైసా కూడా ఇవ్వొద్దు, ఆ పుస్తకంలో ఆమె పేరు ఉండకూడదు. "సినిమావాళ్ల దగ్గర డబ్బు తీసుకుందా లేదా?" అన్నది క్రాస్‌లో మొదటి ప్రశ్న అవుతుంది. ఆమె పని ఆపించి తీయాల్సినవి వాయిదా రోజుల్లోనే పెట్టుకోండి, ఆ రోజు ఎలాగూ పని ఉండదు.

---

తొడిమ

సరే అండీ. 38 నిమిషాలకే వెళ్తున్నాం. అర్జీ ఈ వారమే వేస్తాం, కాగితం తెలుగులో రాసి ఇక్కడే పెడతాను, తప్పులుంటే చెప్పండి. బూమ్ గారూ, 32 బిట్ రికార్డరు బెజవాడలో అద్దెకు ఎక్కడ దొరుకుతుందో మెసేజ్ పెట్టగలరా?